కొండ మీద ఎలీశమ్మ, గుడి వాకిట తబితవ్వ

అనగా అనగా, నడి వేసవిలో కూడా ఎండిపోని వాగు ఒకటి ఉండేది. ఆ వాగు ఒడ్డున అరవై గడపల ఊరు. ఊరి పేరు చల్లవాగు. ఊరి వెనకాల ఒక కొండ. ఆ కొండను అందరూ నెమలిమెట్ట అనేవారు.

చల్లవాగు జనం క్రీస్తును నమ్ముకున్నవాళ్లు. ఊరి నడుమ వాళ్లకొక చర్చి ఉండేది. దాన్ని వాళ్లు గుడి అనే పిలుచుకునేవారు. ఇంటికొక మనిషి చొప్పున కొండరాళ్లు మోసి, సున్నమూ వాగు ఇసుకా కలిపి, పైన ఎర్రపెంకు నేసి కట్టుకున్న గుడి అది. ఆదివారం పొద్దున గంట మోగితే చాలు, ఊరంతా ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చి చాపల మీద కూర్చునేది.

పాదిరిగారు ఏడాదికి రెండుసార్లే ఆ ఊరికి వచ్చేవారు. మిగతా ఆదివారాల్లో సంఘపెద్ద గాబ్రియేలు ఆరాధన జరిపించేవాడు. గుడి తాళంచెవి ఆయన మొలతాడుకే వేలాడుతుండేది. ఆయన చెడ్డవాడు కాదు. గుడి కట్టేటప్పుడు ఆయన ఆరేళ్ల పిల్లవాడు. తండ్రి రాళ్లు మోస్తుంటే, వెనకాలే చిన్న తట్టలో సున్నం మోశాడు. అందుకే ఆ గోడ మీద బల్లి పాకినా ఆయనకు తన ఒంటి మీద పాకినట్టే ఉండేది.

ఆ గుడి వెనక గుడిసెలో తబితవ్వ ఉండేది. ఆమెకు ఎనభై ఏళ్లు దాటాయి. కాళ్లు రెండూ పడిపోయాయి. ఆదివారం వస్తే ఎవరో ఒకరు ఆమెను ఎత్తుకొచ్చి గుడిలో ముందు వరుసలో కూర్చోబెట్టేవారు. వారం రోజులూ అవ్వ ఎదురుచూసేది ఆ ఒక్క పూట కోసమే.

ఊరంతా గుడికి వచ్చేది గానీ, ఒక్క మనిషి మాత్రం వచ్చేది కాదు. ఆమె పేరు ఎలీశమ్మ.

ఎలీశమ్మకు పెనిమిటి పోయాడు. పిల్లలు లేరు. ఉన్నవల్లా ముప్పై మేకలు. తెల్లవారకముందే వాటిని తోలుకుని నెమలిమెట్ట ఎక్కితే, మళ్లీ పొద్దు వాలాకే దిగేది. ఆదివారమైనా అంతే. అయితే ఆ రోజున మాత్రం కొండ కొమ్మున ఉన్న చదును బండ మీద కూర్చుని, తలమీద కొంగు కప్పుకుని, కంటికి కనిపించినవాటన్నిటికీ పేరుపేరునా స్తోత్రం చెప్పుకునేది.

"ఉసిరికాయలకు స్తోత్రం తండ్రీ. రాత్రి కురిసిన మంచుకు స్తోత్రం. కుంటిమేక ఈ వారం నాలుగు కాళ్ల మీద నడిచింది, అందుకు మరీ స్తోత్రం."

ఒకనాడు గాబ్రియేలు ఆమె గుడిసెకు వచ్చాడు.

"ఏమ్మా ఎలీశమ్మా, దేవుడికి మనం ఒక ఇల్లు కట్టి పెట్టాం. ఆయన ఇంటికి రాకుండా కొండెక్కి కూర్చుంటే దాన్ని ఆరాధన అంటారా?" అని అడిగాడు.

"మేకలకు ఆదివారమని తెలియదు కదా పెద్దయ్యా. వాటికి రోజూ ఆకలే. అయినా కొండ మీద కూడా ఆయన నా మాట వింటున్నట్టే ఉంటుంది" అంది ఎలీశమ్మ.

ఆ మాట గాబ్రియేలుకు కోపం తెప్పించింది. "ఇవాళ నువ్వు కొండ అంటావు, రేపు ఇంకొకడు చేను అంటాడు, ఎల్లుండి ఇంకొకడు వాగు అంటాడు. గుడి పాడుబడిపోతుంది. మూడు ఆదివారాలు గడువిస్తున్నాను. గుడికి రాలేదో, సంఘంలో నీకు చోటు లేదు!" అని చెప్పి వెళ్లిపోయాడు.

సంఘంలో చోటు లేకపోతే పెళ్లికి పిలవరు, చావుకు పిలవరు. కష్టమొస్తే గడప తొక్కేవాళ్లుండరు. ఒంటరి మనిషికి అంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది? ఎలీశమ్మ భయపడింది.

మొదటి ఆదివారం మేకలను కొండ కింద వదిలి గుడికి వచ్చింది. పాటలు పాడింది, ప్రార్థన చేసింది. అవ్వ పక్కన కూర్చుంటే ఆమెకు ఎంతో హాయిగా కూడా అనిపించింది. కానీ తిరిగి వెళ్లేసరికి తోడేలు ఒక మేకను పట్టుకుపోయింది. కింద పొదల నిండా నెత్తురు.

రెండో ఆదివారం మేకలను వెంటబెట్టుకునే వచ్చింది. గుడి ఆవరణలో కట్టేసింది. లోపల మూడో పాట పాడుతుండగా అవి తాళ్లు తెంపుకున్నాయి. గాబ్రియేలు ప్రాణంలా పెంచుకున్న మందార మొక్కలన్నీ మొదలంటా కొరికేశాయి. ఒక మేకపోతు లోపలికి వచ్చి చాప కొస నమిలింది. పిల్లలు పకపకా నవ్వారు. గాబ్రియేలు నవ్వలేదు.

మూడో ఆదివారం ఎలీశమ్మ రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఆమె నైజం. ముందురోజే ఆయన ఇంటికి వెళ్లి, "పెద్దయ్యా, దొంగసాకులు చెప్పడం నాకు చేతకాదు. మేకలను చంపుకోలేను. మీ పూలమొక్కలనూ చంపలేను. నేను కొండ మీదే ప్రార్థన చేసుకుంటాను" అని చెప్పింది.

"అయితే నీ దారి నీది" అన్నాడు గాబ్రియేలు.

ఆ రోజు నుంచి ఎలీశమ్మను ఎవరూ పిలవలేదు. వాగు దగ్గర నీళ్లు ముంచుకునే ఆడవాళ్లు ఆమె రాగానే మాటలు ఆపేసేవారు. ఆమె కుండ నింపుకుని, తల వంచుకుని వెళ్లిపోయేది. తబితవ్వ ఒక్కతే ఆమె కనబడితే చేయెత్తి, "బాగున్నావా తల్లీ?" అని కేకేసేది.

కాలం గడిచింది. వైశాఖ మాసం వచ్చింది. ఒక సాయంత్రం పడమటి దిక్కున నల్లటి మబ్బు లేచింది. దుమ్ము రేగింది. చూస్తుండగానే పెనుగాలి ఊరి మీద విరుచుకుపడింది. చింతచెట్లు వేళ్లతో సహా కూలాయి. గాలి వెలిసి జనం బయటికి వచ్చి చూసేసరికి గుడికి పైకప్పు లేదు. పెంకులన్నీ చిప్పలై వీధి పొడుగునా పడి ఉన్నాయి. దూలాలు విరిగాయి. తూర్పు గోడ నడుముదాకా కూలిపోయింది.

దేవుడి దయవల్ల మనుషులెవరికీ ఏమీ కాలేదు. కానీ గాబ్రియేలు ఆ పెంకుల మధ్య కూలబడి చంటిబిడ్డలా ఏడ్చాడు. లేచి, అలవాటు కొద్దీ తలుపు మూసి తాళం వేశాడు. పక్కన గోడ లేదు, పైన కప్పు లేదు, తలుపుకు మాత్రం తాళం పడింది.

మొదటి ఆదివారం గంట మోగలేదు. జనం ఉతికిన బట్టలు కట్టుకోలేదు. ఎవరి ఇంట్లో వాళ్లు ఊరికే కూర్చున్నారు.

రెండో ఆదివారం కూడా అంతే. అప్పటికి వారమంతా ఊళ్లో తగాదాలే. కూలిన చెట్టు కొమ్మలు ఎవరివని ఇద్దరన్నదమ్ములు కొట్టుకునేదాకా వచ్చారు. ఆ ఆదివారం పొద్దున గాబ్రియేలుకు ఇంట్లో ఊపిరాడలేదు. చేతికర్ర పట్టుకుని, ఎటు పోతున్నాడో తనకే తెలియకుండా నెమలిమెట్ట ఎక్కాడు. కొండ కొమ్ము దగ్గరికి వచ్చేసరికి ఆయాసం వచ్చి ఒక రాతి చాటున కూర్చున్నాడు.

రాతికి అటువైపు నుంచి ఎలీశమ్మ గొంతు వినిపించింది.

"తండ్రీ, గాలివానలో మా ఊళ్లో ఒక్క ప్రాణం కూడా పోలేదు. స్తోత్రం. నా గుడిసె నిలబడింది. స్తోత్రం. మా గుడి మాకు అరవై ఏళ్లు నీడనిచ్చింది. దానికి స్తోత్రం. గాబ్రియేలు పెద్దయ్య నాన్న మోసిన రాళ్లకు స్తోత్రం. ఆరేళ్ల వయసులో పెద్దయ్య మోసిన సున్నానికి కూడా స్తోత్రం. ఆయన మనసు కుదుటపడేట్టు చూడు తండ్రీ. పెద్దాయన సరిగా అన్నం తినడం లేదట."

గాబ్రియేలు గుండె కరిగిపోయింది. తాను ఏ గుడినుంచి ఈమెను వెళ్లగొట్టాడో, ఆ గుడికే ఈమె కృతజ్ఞత చెబుతోంది! పద్నాలుగు రోజులుగా పోయినదాన్ని తలుచుకుని ఏడ్చాడే గానీ, అరవై ఏళ్లు ఉన్నదానికి ఒక్క స్తోత్రమైనా చెప్పాడా?

రాతి చాటునుంచే "ఆమెన్" అన్నాడు.

ఎలీశమ్మ ఉలిక్కిపడి లేచింది. ఆయనను చూసి కొంగు సర్దుకుంది. మెల్లగా, "ఇన్నేళ్లలో నా ప్రార్థనకు ఆమెన్ అన్న మనిషి మీరే పెద్దయ్యా" అంది. అంటూనే ఆమె కళ్లు నిండాయి. కొండ మీద ఆమెకు అన్నీ ఉన్నాయి. ఆ ఒక్క మాట అనేవాళ్లే లేరు.

"తల్లీ, నీకు అన్యాయం చేశాను. నన్ను క్షమించు. వచ్చే ఆదివారం ఊరందరినీ ఇక్కడికి తీసుకొస్తాను. మాకు చోటిస్తావా?" అన్నాడు గాబ్రియేలు.

"కొండ నాదా ఏమిటి పెద్దయ్యా, రండి" అంది ఎలీశమ్మ నవ్వుతూ.

మూడో ఆదివారం చల్లవాగు జనమంతా నెమలిమెట్ట ఎక్కారు. బండ చుట్టూ గడ్డిలో కూర్చున్నారు. పాట ఎత్తుకోగానే ఎదుటి లోయ కూడా పాడినట్టు ప్రతిధ్వనించింది. కింద వాగు వెండితీగలా మెరుస్తోంది. ఎలీశమ్మను అడిగితే ఆమె తన అలవాటు ప్రకారం ఒక్కొక్కటీ చూపించి స్తోత్రం చెప్పింది. జనం చూశారు. తునికి చెట్టు చిగురు చూశారు. గడ్డిలో కౌజుపిట్ట గూడు చూశారు. కొట్టుకున్న అన్నదమ్ములిద్దరూ ఒకే చెట్టు నీడన కూర్చున్నారు. ఇన్నాళ్లూ కళ్లముందున్న కొండను ఇప్పుడే చూస్తున్నట్టు అందరికీ అనిపించింది.

అలా వారం వెనక వారం గడిచింది. అందరికీ కొండ తెగ నచ్చింది. ఎవరికన్నా ఎక్కువగా గాబ్రియేలుకు నచ్చింది. ఒకనాడు ఆయన లేచి, "గుడికోసం మళ్లీ రాళ్లు మోయడం ఎందుకు? ఆకాశమంత కప్పుండగా పెంకులు ఎందుకు? ఇకనుంచి ఇదే మన గుడి" అన్నాడు. జనం సరేనంటే సరేనన్నారు. రాళ్లు మోసే బాధ తప్పిందని కొందరు లోలోపల సంతోషించారు కూడా.

మరుసటి ఆదివారం ఒక మేక దారి తప్పి ఊళ్లోకి దిగింది. దాన్ని వెతుక్కుంటూ ఎలీశమ్మ కూడా దిగింది. పైన అందరూ పాడుతున్నారు. ఊరు ఖాళీగా ఉంది. గుడి ముందుకు వచ్చేసరికి ఆమె టక్కున ఆగిపోయింది.

తాళం వేసిన తలుపు ముందు, మెట్టు మీద తబితవ్వ కూర్చుని ఉంది. ఉతికిన తెల్లచీర కట్టుకుంది. తల దువ్వుకుంది. గుడిసెనుంచి అక్కడిదాకా దేక్కుంటూ వచ్చినట్టుంది, మోచేతులు గీరుకుపోయి ఎర్రగా ఉన్నాయి.

"అవ్వా! ఒక్కదానివే ఇక్కడేం చేస్తున్నావు?" అంది ఎలీశమ్మ.

"ఆదివారం కదా తల్లీ. గుడికి వచ్చాను" అంది అవ్వ.

"మేమంతా కొండ మీద ఉన్నాం కదవ్వా. నిన్ను ఎవరూ తీసుకురాలేదా?"

"మొదటి వారం మోసుకెళ్తామని వచ్చారమ్మా. నాలుగడుగులు ఎక్కేసరికి నా ఎముకలు కలుక్కుమన్నాయి. నేనే దింపేయమన్నాను. వాళ్లమీద తప్పేమీ లేదు." అవ్వ కొండకేసి చూసింది. "గాలి ఇటు తిరిగితే మీ పాట నాకు వినిపిస్తుంది. ఎంత బాగుంటుందో! కానీ గాలి పాటను తెస్తుంది గానీ, వచ్చి పక్కన కూర్చోదు కదా తల్లీ."

ఎలీశమ్మ మెట్టు మీద అవ్వ పక్కన కూర్చుంది. ఆమె మోచేతులు తుడిచింది. వాగు దగ్గర ఆడవాళ్లు తనను చూసి మాటలు ఆపేసిన రోజులు ఆమెకు గుర్తొచ్చాయి. ఒంటరితనం ఎలా ఉంటుందో ఊళ్లో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? అప్పుడు తనను గుడి బయట పెట్టారు. ఇప్పుడు తన కొండే అవ్వను బయట పెట్టింది.

ఆ సాయంత్రమే గాబ్రియేలు ఇంటికి వెళ్లింది.

"పెద్దయ్యా, గుడి మళ్లీ కట్టాలి" అంది.

గాబ్రియేలు నోరు తెరిచాడు. "అదేమిటమ్మా! కొండ మీద కూడా దేవుడు వింటాడని నాకు నేర్పింది నువ్వే కదా?"

"ఆయన వింటాడు పెద్దయ్యా. ఆయన ఎక్కడైనా వింటాడు. కానీ తబితవ్వ కొండ ఎక్కలేదు. రేపు వానలు పడితే పసిబిడ్డల తల్లులు ఎక్కలేరు. ఇంకో పదేళ్లకు మీరూ ఎక్కలేరు. గుడి దేవుడికోసం కాదు. అవ్వకోసం."

గాబ్రియేలు ఆలోచనలో పడ్డాడు. "జనం ఒప్పుకోరమ్మా. మోత తప్పిందని సంతోషంగా ఉన్నారు" అన్నాడు.

"వాళ్లనేమీ అనకండి. మోసేవాళ్లు మోస్తారు" అంది ఎలీశమ్మ.

మరునాడు పొద్దు వాలాక మేకలతో కొండ దిగుతూ, ఆమె తలమీద ఒక రాయి పెట్టుకుని దిగింది. గుడి ముందు దించింది. రెండోనాడు ఇంకో రాయి. దారిలో ఒకడు, "ఏం పిన్నీ, రోజుకొక రాయి మోస్తే గుడి ఎన్నేళ్లకు లేస్తుంది?" అని నవ్వాడు. "నేను పోయేలోగా మెట్టు వరకైనా లేస్తుందిలే నాయనా" అని ఆమె కూడా నవ్వింది. మూడోనాడు ఆమె రాయి దించేసరికి, అక్కడ మరో రాయి ఉంది. పక్కనే చెమటలు కక్కుతూ గాబ్రియేలు నిలబడి ఉన్నాడు.

"అరవై ఏళ్ల కింద సున్నమే మోశాను. రాళ్లు మోసే వయసు ఇప్పుడొచ్చింది" అన్నాడాయన.

డెబ్భై ఏళ్లకు చేరువైన మనిషి రాళ్లు మోస్తుంటే వయసులో ఉన్నవాళ్లు ఎలా ఊరుకుంటారు? మొదట ఆ అన్నదమ్ములిద్దరూ వచ్చారు. తరువాత నవ్వినవాడు వచ్చాడు. తరువాత ఊరంతా వచ్చింది. పొద్దున పొలం, సాయంత్రం గుడి. ఆడవాళ్లు సున్నం గానుగ తిప్పారు. తబితవ్వ మెట్టు మీద కూర్చుని, మోసి అలిసినవాళ్లకు ముంతతో నీళ్లిచ్చేది. ప్రతి ముంతకూ ఒక స్తోత్రం చెప్పేది.

కార్తీకం వచ్చేసరికి గుడి లేచింది. పాత గుడికన్నా కిటికీలు పెద్దవి. వాటిలోంచి చూస్తే నెమలిమెట్ట నిండుగా కనిపిస్తుంది.

అప్పుడు గాబ్రియేలు ఊరివాళ్లను పిలిచి, "ఇకనుంచి ఆదివారం ఆరాధన పొద్దున కాదు. పొద్దు వాలాక, మేకలు దొడ్డికి చేరాక చేద్దాం. పగలు ఎవరి పని ఎక్కడుంటే అక్కడే దేవుణ్ణి తలుచుకుందాం. సాయంత్రం మాత్రం అందరం ఒకచోట కూర్చుందాం" అన్నాడు. తలుపుకు ఇంక తాళం వేయనన్నాడు.

ఆ తరువాత చాలా ఆదివారాలు అలాగే జరిగాయి.

ఒక ఆదివారం సాయంత్రం ఆరాధన మొదలయ్యే వేళకు వాన అందుకుంది. దీపాలు వెలిగించారు. తబితవ్వను గాబ్రియేలే స్వయంగా ఎత్తుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. జనమంతా వచ్చారు. ఎలీశమ్మ మాత్రం రాలేదు.

"మొదలుపెడదామా పెద్దయ్యా?" అని ఎవరో అడిగారు.

"పాట పాడుతూ ఉండండి. ఆమె వస్తుంది" అన్నాడు గాబ్రియేలు. కిటికీలోంచి కొండకేసి చూస్తూ, "ఎక్కడున్నా క్షేమంగా ఉంచు తండ్రీ" అని మెల్లగా అనుకున్నాడు.

మూడు పాటలు అయ్యాయి. అప్పుడు గుమ్మంలో అలికిడైంది. ఎలీశమ్మ నిలబడి ఉంది. నిలువెల్లా తడిసి ముద్దయింది. కాళ్లకు మోకాళ్లదాకా బురద. కొంగులో ఏదో దాచుకుంది. కొత్త చాపలు తడుస్తాయని గడప దగ్గరే ఆగిపోయింది.

"అక్కడే నిలబడ్డావేం తల్లీ? లోపలికి రా. నీ చోటు ఖాళీగానే ఉంది" అన్నాడు గాబ్రియేలు. తన పైకండువా తీసి ఆమెకు ఇచ్చాడు.

ఆమె వచ్చి అవ్వ పక్కన కూర్చుంది.

"ఏమైందే, ఇంత ఆలస్యమైంది?" అని అడిగింది అవ్వ.

"కొండ మీద చూలుమేక ఈనిందవ్వా. వానలో వదిలి రాలేకపోయాను. రెండు పిల్లలు. ఒకటి తల్లి దగ్గరుంది. ఇది మాత్రం చలికి వణికిపోతోంది" అంటూ ఎలీశమ్మ కొంగు తీసి చూపించింది. చెవులింకా తడి ఆరని బుల్లి మేకపిల్ల తల బయటపెట్టి, సన్నగా "మే" అంది.

తబితవ్వ దాన్ని ఒడిలోకి తీసుకుని చీర చెంగు కప్పింది. "రెండు పిల్లలకు స్తోత్రం!" అంది.

"స్తోత్రం!" అంది గుడి గుడంతా.

ఆ మాట కొత్త పెంకుల కింద మోగి, పెద్ద కిటికీల్లోంచి వానలోకి, కొండవైపుకు వెళ్లింది.

కాబట్టి పిల్లలూ, కృతజ్ఞత ఉన్న మనసుకు కొండా గుడే, గోడల మధ్య చోటూ గుడే. కానీ సాటి మనిషిని బయట వదిలేసి వెళ్లిన చోటు, ఎంత అందంగా ఉన్నా గుడి కాదు.